‘గోరంట్ల’లో ఎన్ని అక్షరాలు? – మల్టీమీడియా రచనా సాఫ్ట్‌వేర్లలో తెలుగు పాఠ్యం ఫార్మాటింగ్: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
మల్టీమీడియా రచనా సాఫ్ట్‌వేర్లలో స్క్రిప్టు ద్వారా తెలుగు పాఠ్యానికి రంగు, పరిమాణం, ఫాంటు మార్చేటప్పుడు తలెత్తే దోషాలను సాధారణంగా ఫాంటు లోపాలుగా భావిస్తారు. వాటిలో ముఖ్యమైన భాగం లెక్కింపు దోషాలని ఈ వ్యాసం నిరూపిస్తుంది. స్క్రిప్టు సంకేతాలను లెక్కిస్తుంది; తెలుగు పాఠకుడు అక్షరాలను లెక్కిస్తాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల పరిసరాల్లోని ఎనిమిది పేర్లను పరీక్షాపాఠ్యంగా తీసుకుని ఈ రెండు లెక్కల మధ్య అంతరాన్ని చూపడం, దోషలక్షణాల నుంచి కారణాలకు చేరే క్రమాన్ని ప్రతిపాదించడం, అంతర్జాతీయ ప్రమాణాల పరిమితిని ఛందశ్శాస్త్ర దృష్టితో అంచనా వేయడం ఈ వ్యాసం లక్ష్యాలు.

కీలకపదాలు: అక్షరం, సంకేతం, ఫార్మాటింగ్, స్క్రిప్టు, డైరెక్టర్, ఫ్లాష్, యూనికోడ్, పొల్లు, ఆటవెలది, గోరంట్ల.

1. ఉపోద్ఘాతం:
గురులఘువులు గుర్తించే విద్యార్థి ‘గోరంట్ల’ అన్న మాటను గో – రం – ట్ల అని మూడుగా విడదీస్తాడు. మొదటి రెండూ గురువులు, చివరిది లఘువు. ఈ విభజనలో సందేహానికి తావు లేదు. అదే మాటను కంప్యూటరుకు ఇచ్చి పొడవెంత అని స్క్రిప్టు ద్వారా అడిగితే ఏడు అని సమాధానం వస్తుంది. గ, ఓత్వం, ర, సున్న, ట, పొల్లు, ల అనే ఏడు సంకేతాల వరుసగానే కంప్యూటరు ఆ మాటను దాచుకుంటుంది. యూనికోడ్‌లో వాటి సంఖ్యలు వరుసగా 3095, 3147, 3120, 3074, 3103, 3149, 3122.

ఈ రెండు సమాధానాలూ వాటి వాటి పరిధిలో సరైనవే. మొదటిదాన్ని ఉద్దేశించి రెండోదాన్ని వాడినప్పుడే చిక్కు వస్తుంది. పాఠం తయారుచేసే అధ్యాపకుడు ‘మూడో అక్షరానికి ఎరుపు రంగు’ అనుకుంటాడు. స్క్రిప్టు మూడో సంకేతానికి ఎరుపు రంగు వేస్తుంది. తెర మీద ‘ట్ల’ మామూలుగానే ఉండి, ‘రం’లోని రకారం మాత్రం ఎర్రబడుతుంది. ఫాంటు మార్చినా, సాఫ్ట్‌వేరును తిరిగి స్థాపించినా ఆ దోషం పోదు. దోషం ఉన్నది ఫాంటులో కాదు, ‘అక్షరం’ అన్న మాటకు సాఫ్ట్‌వేరు ఇచ్చుకున్న నిర్వచనంలో.

భాషాసాహిత్య శాఖల్లో డిజిటల్ పాఠాలు, పదసూచికలు, ఛందోవిశ్లేషణలు పెరుగుతున్న కాలంలో ఇది సాంకేతిక నిపుణులకు విడిచిపెట్టదగిన చిన్న విషయం కాదు. అక్షరాల లెక్క తప్పితే పాఠం రూపంతోపాటు దాని మీద ఆధారపడిన పరిశోధన ఫలితం కూడా తప్పుతుంది.

2. రచనా సాఫ్ట్‌వేర్లు – పాఠ్యభావన:
బొమ్మ, ధ్వని, చలనం, పాఠ్యాలను ఒకచోట కూర్చి, వాటి ప్రవర్తనను స్క్రిప్టుతో నడిపించే సాఫ్ట్‌వేర్లను మల్టీమీడియా రచనా సాఫ్ట్‌వేర్లు అంటారు. 1987లో వచ్చిన హైపర్‌కార్డ్, దాని హైపర్‌టాక్ భాష ఈ మార్గంలో తొలి మైలురాళ్లలో ఒకటి. లింగో భాషతో నడిచే డైరెక్టర్, యాక్షన్‌స్క్రిప్ట్‌తో నడిచే ఫ్లాష్ తరువాత విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. మాక్రోమీడియా సంస్థను 2005లో అడోబీ కొనుగోలు చేయడంతో రెండూ అడోబీ చేతికి వచ్చాయి. డైరెక్టర్ అమ్మకాలు 2017లో ఆగిపోయాయి. ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఫ్లాష్ రచనా సాఫ్ట్‌వేరు మాత్రం 2016లో ‘యానిమేట్’గా పేరు మార్చుకుని కొనసాగింది.

లింగోలో పాఠ్యాన్ని నాలుగు రకాల ఖండాలుగా పట్టుకోవచ్చు: చార్, వర్డ్, ఐటెమ్, లైన్. యాక్షన్‌స్క్రిప్ట్‌లో సెట్‌టెక్స్ట్‌ఫార్మాట్ అనే ఆదేశానికి ఆరంభస్థానం, ముగింపుస్థానం ఇచ్చి ఆ మధ్యనున్న భాగానికి రూపం కల్పిస్తారు. రెండింటిలోనూ ప్రాథమిక ఏకాంశం ‘క్యారెక్టర్’. ఇంగ్లీషులో ఒక సంకేతం, ఒక లేఖనరూపం, పాఠకుడు గుర్తించే ఒక అక్షరం దాదాపు ఎప్పుడూ ఒకటే కాబట్టి ఈ మూడింటినీ వేరుచేయవలసిన అవసరం ఆ రూపకర్తలకు కలగలేదు. తెలుగులో ఆ మూడూ మూడు వేర్వేరు అంశాలు. క్యారెక్టర్ అన్న మాటను ‘అక్షరం’ అని అనువదించుకోవడంతో ఈ తేడా తెలుగు వాడుకరుల దృష్టికి కూడా అందకుండా పోయింది.

యూనికోడ్ మద్దతు కూడా ఈ సాఫ్ట్‌వేర్లకు ఆలస్యంగా అందింది. తెలుగు లిపి 1991 నాటి తొలి యూనికోడ్ సంచికలోనే ఉంది. ఫ్లాష్ ప్లేయర్‌కు ఆ మద్దతు 2002లోనూ, డైరెక్టర్‌కు 2008లోనూ వచ్చింది. సంకేతాలను గుర్తించడం ఒక పని, వాటిని కలిపి సరైన అక్షరరూపంగా చూపడం మరొక పని. ఈ రెండో పనిని ఆకృతీకరణ అనవచ్చు. ఫ్లాష్‌లోని పాత పాఠ్యక్షేత్రంలో ఫాంటును పొదిగినప్పుడు భారతీయ లిపుల ఆకృతీకరణ నియమాలు అమలయ్యేవి కావు. 2008లో వచ్చిన పదో ప్లేయర్‌లోని కొత్త పాఠ్యయంత్రాన్ని సంక్లిష్ట లిపులను కూడా దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. అయితే దాని మీద ఆధారపడిన పాఠ్యవిధానాన్ని 2013 నాటి రచనా సాఫ్ట్‌వేరులో తొలగించారు.

3. పరీక్షాపాఠ్యం – గోరంట్ల పరిసర నామాలు:
ఒక ప్రాంతపు పటం మీద ఊరి పేరును నొక్కితే పేరులోని అక్షరాలు ఒక్కొక్కటిగా రంగు మారుతూ ఉచ్చారణ వినిపించడం ప్రాథమిక స్థాయి మల్టీమీడియా పాఠాల్లో సాధారణంగా కనిపించే ప్రక్రియ. ఈ ప్రక్రియను పరీక్షించడానికి గోరంట్ల చుట్టుపక్కల నామాలు అనువైనవి. సున్న, దీర్ఘాలు, ద్విత్వం, సంయుక్తాలు అన్నీ వాటిలో కనిపిస్తాయి. పైగా ఇది కన్నడ సరిహద్దు ప్రాంతం. రెండు లిపుల ప్రవర్తనను పోల్చి చూసే అవకాశం ఉంది. ఏడు ఊళ్లు, ఒక నది పేర్లలో సంకేతాల లెక్క, అక్షరాల లెక్క ఇలా ఉన్నాయి:

గోరంట్ల – 7 సంకేతాలు, 3 అక్షరాలు
హిందూపురం – 9 సంకేతాలు, 4 అక్షరాలు
పెనుకొండ – 8 సంకేతాలు, 4 అక్షరాలు
ధర్మవరం – 7 సంకేతాలు, 4 అక్షరాలు
లేపాక్షి – 8 సంకేతాలు, 3 అక్షరాలు
పుట్టపర్తి – 10 సంకేతాలు, 4 అక్షరాలు
కదిరి – 5 సంకేతాలు, 3 అక్షరాలు
చిత్రావతి – 9 సంకేతాలు, 4 అక్షరాలు

మొత్తం 63 సంకేతాలు, 29 అక్షరాలు. గోరంట్ల, ధర్మవరం రెండింటికీ సంకేతాలు ఏడే. అక్షరాలు ఒకదానిలో మూడు, మరొకదానిలో నాలుగు. పెనుకొండ, లేపాక్షి రెండింటికీ ఎనిమిదేసి సంకేతాలు. అక్షరాల్లో అక్కడా తేడా ఉంది. సంకేతాల సంఖ్యను ఒక స్థిరమైన అంకెతో భాగించి అక్షరాల సంఖ్యను రాబట్టడం సాధ్యం కాదని ఈ రెండు జంటలే చాటుతున్నాయి. సాఫ్ట్‌వేరు ఇచ్చే పొడవును నేరుగా తీసుకుని ‘తెలుగు పదాల సగటు అక్షరసంఖ్య’ వంటి గణనలు చేసే పరిశోధకులు జాగ్రత్త పడవలసింది ఇక్కడే.

గోరంట్లలోని చివరి అక్షరానికి రంగు వేయడం ఒక ఉదాహరణ. యాక్షన్‌స్క్రిప్ట్‌లో స్థానాలు సున్న నుంచి మొదలవుతాయి. ముగింపుగా ఇచ్చిన స్థానం పరిధిలో చేరదు. కాబట్టి ‘ట్ల’కు సరైన పరిధి 4, 7. లింగోలో స్థానాలు ఒకటి నుంచి మొదలవుతాయి. చివరి స్థానం పరిధిలోనే ఉంటుంది. కాబట్టి అక్కడ సరైన పరిధి 5 నుంచి 7. పాత డైరెక్టర్ పాఠాన్ని ఫ్లాష్‌లోకి మార్చినవారు 5, 7 అన్న అంకెలను యథాతథంగా ఉంచితే రంగు పొల్లు దగ్గర మొదలవుతుంది. టకారం బయట మిగిలిపోతుంది. ‘పొడవులోంచి ఒకటి తీసివేస్తే చివరి అక్షరం’ అనే ఇంగ్లీషు అలవాటు ప్రకారం రాస్తే స్క్రిప్టు లకారాన్ని మాత్రమే పట్టుకుంటుంది. అప్పుడు ‘ట్ల’ విడిపోయి, పొల్లు టకారం పక్కన నిండు లకారం నిలబడే ప్రమాదం ఉంది.

4. లక్షణం నుంచి కారణానికి:
వైద్యంలో వలె ఇక్కడ కూడా లక్షణాన్ని సరిగా చదివితే నిదానం సులభమవుతుంది. తెలుగు పాఠ్యం చెడినప్పుడు తెర మీద కనిపించే లక్షణాలను ఆరుగా వర్గీకరించవచ్చు.

మొదటిది, ఖాళీ పెట్టెలు. వాడుతున్న ఫాంటులో తెలుగు రూపాలు లేవని అర్థం. రెండోది, పాఠ్యం పూర్తిగా అదృశ్యం కావడం. పొదిగిన ఫాంటునే వాడమని ఆదేశించి, ఆ ఫాంటును పొదగకపోతే ఫ్లాష్‌లో ఇలా జరుగుతుంది. మూడోది, రోమన్ గుర్తుల గజిబిజి. ఆ పాఠ్యం యూనికోడ్‌లో లేదని, ఒక ప్రత్యేక ఫాంటు కోసం కూర్చినదని దీని సూచన. నాలుగోది, చుక్కల వలయం మీద గుణింతపు గుర్తు వేలాడడం. ఆధారమైన హల్లు నుంచి ఆ గుర్తును ఎవరో వేరుచేశారన్నమాట. స్క్రిప్టు పరిధి అక్షరం మధ్యలో కోసిందనడానికి ఇది బలమైన సాక్ష్యం. ఐదోది, వత్తులన్నీ విడిపోయి పొల్లులుగా కనిపించడం. ఊరి పేర్లన్నిటిలోనూ ఇలాగే ఉంటే ఆకృతీకరణ లేదని, రంగు మారినచోట మాత్రమే ఉంటే పరిధి తప్పిందని నిర్ణయించాలి. ఆరోది, మొదట సరిగా ఉన్న రూపం పాఠ్యం మారగానే పోవడం.

ఈ ఆరోదానికి లిపితో సంబంధం లేదు. కాలక్రమంతో సంబంధం ఉంది. సెట్‌టెక్స్ట్‌ఫార్మాట్ అప్పటికే క్షేత్రంలో ఉన్న పాఠ్యానికి మాత్రమే వర్తిస్తుంది. ఆ తరువాత స్క్రిప్టు కొత్త పాఠ్యాన్ని నింపితే దానికి క్షేత్రపు సహజరూపం, అంటే డిఫాల్ట్‌టెక్స్ట్‌ఫార్మాట్, వర్తిస్తుంది. పటం మీద గోరంట్ల తరువాత పెనుకొండను నొక్కగానే ఫాంటు మారిపోవడానికి కారణం ఇదే. సహజరూపాన్ని ముందుగా నిర్ణయించి, పాఠ్యం నింపి, ఆ తరువాతే ప్రత్యేకరూపం ఇవ్వాలి. క్షేత్రానికి స్టైల్‌షీట్ తగిలించి ఉంటే సెట్‌టెక్స్ట్‌ఫార్మాట్ పనిచేయకపోగా దోషసందేశం ఇస్తుంది.

అందువల్ల దోషనిర్ధారణకు ఒక క్రమం అవసరం. ముందుగా సంకేతాలు సరైనవో కాదో చూడాలి. ఒక్కో సంకేతపు సంఖ్యను ముద్రించే రెండు మూడు వాక్యాల స్క్రిప్టు ఇందుకు చాలు. తెలుగు సంకేతాలన్నీ 3072 – 3199 మధ్య ఉంటాయి. తరువాత ఫాంటు, ఆపైన ఆకృతీకరణ, పరిధి, చివరగా ఆదేశాల వరుస. ఈ క్రమాన్ని తలకిందులు చేసి మొదటే ఫాంటు మార్చడం మొదలుపెడితే ఒక దోషం మీద మరొకటి పేరుకుంటుంది.

5. రూపం పోతే పాఠ్యమే పోవడం:
మూడో లక్షణానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. యూనికోడ్ స్థిరపడక ముందు తెలుగు డీటీపీ రంగం అను, శ్రీలిపి వంటి ఫాంటు వ్యవస్థల మీద నడిచింది. వాటిలో రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు రూపఖండాలు ఉంటాయి: తలకట్టు, కొమ్ము, వత్తు వంటివి. దాచుకున్నది రోమన్ సంకేతం. తెలుగుగా చూపేది ఫాంటు. ఆ పాఠ్యం తెలుగన్న సమాచారం పాఠ్యంలో ఎక్కడా ఉండదు, ఫార్మాటింగ్‌లో మాత్రమే ఉంటుంది.

ఇంగ్లీషు పాఠ్యానికి ఫార్మాటింగ్ పోతే అందం పోతుంది, అర్థం మిగులుతుంది. ఫాంటు సంకేతనంలోని తెలుగుకు ఫార్మాటింగ్ పోతే అర్థమే పోతుంది. సాంకేతిక గ్రంథాలు ఒకే ‘ఫార్మాటింగ్ నష్టం’గా చెప్పే ఈ రెండు సంఘటనల మధ్య గుణాత్మకమైన తేడా ఉంది. ఆదేశాల వరుస తప్పడం ఇంగ్లీషు పాఠంలో చిన్న అసౌకర్యం. ఫాంటు సంకేతనంతో చేసిన తెలుగు పాఠంలో అదే ఊరి పేరును గజిబిజిగా మార్చివేస్తుంది. ఫ్లాష్ ఫైళ్లను నేటి బ్రౌజర్లలో నడిపే రఫుల్ వంటి పరికరాలు ఉన్నా, వాటితో చలనం తిరిగి వచ్చినంత మాత్రాన పాఠ్యం వెతకడానికి, ఉటంకించడానికి, విశ్లేషించడానికి అందదు. చూపు దక్కుతుంది, పాఠ్యం దక్కదు.

అయితే ఫాంటు సంకేతనాన్ని పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. అందులో వత్తుకు సొంత సంకేతం ఉండటం వల్ల ‘ట్ల’లో లవత్తుకు మాత్రమే వేరే రంగు వేయడం సులభంగా సాధ్యమయ్యేది. వత్తులు నేర్పే ఉపాధ్యాయుడికి అది నిజమైన అవసరం. యూనికోడ్‌లో వత్తు అనే సంకేతం లేదు. పొల్లు, దాని తరువాతి హల్లు కలిసినప్పుడు ఫాంటు వత్తును పుట్టిస్తుంది. రూపభేదం ఉన్న భాగాలను వేర్వేరుగా ఆకృతీకరించే యంత్రాల్లో ఆ రెండింటి మధ్య రంగు మార్చగానే ఆ కలయికే తెగిపోతుంది. పాఠ్యాన్ని కాపాడే క్రమంలో యూనికోడ్ బోధనకు అవసరమైన ఒక సౌలభ్యాన్ని వదులుకుంది. వత్తును విడిగా చూపవలసినచోట ఆ భాగాన్ని బొమ్మగా గీసి, అసలు మాటను యూనికోడ్‌లో వెంట ఉంచడం ప్రస్తుతానికి అనుసరించదగిన మార్గం.

6. ప్రమాణాల పరిమితి:
సంకేతాలకు, పాఠకుడు గుర్తించే అక్షరాలకు మధ్య ఉన్న దూరాన్ని యూనికోడ్ సంస్థ కూడా గుర్తించింది. కలిసి ఉండవలసిన సంకేతాల సముదాయాన్ని ‘గ్రాఫీమ్ క్లస్టర్’ అని పిలిచి, దాని హద్దులకు నియమాలు ఏర్పరచింది. జావాస్క్రిప్ట్‌లోని సెగ్మెంటర్ వంటి సాధనాలు వీటినే అనుసరిస్తాయి. అయితే చాలాకాలం ఈ నియమాలు గుణింతాన్ని, సున్నను హల్లుతో కలిపి ఉంచినా, సంయుక్తాక్షరాన్ని పొల్లు తరువాత విరగ్గొట్టాయి. వాటి ప్రకారం గోరంట్ల నాలుగు సముదాయాలు: గో, రం, ట్, ల. పుట్టపర్తి ఆరు. పరీక్షాపాఠ్యంలోని ఎనిమిది పేర్లకు మొత్తం 35. అసలు లెక్క 29తో పోలిస్తే ఆరు ఎక్కువ. ఆ పేర్లలో ఉన్న ద్విత్వ, సంయుక్తాల సంఖ్య కూడా సరిగ్గా ఆరే.

2023లో వచ్చిన 15.1 సంచిక ఈ లోపాన్ని సవరించింది. తెలుగుతో సహా ఆరు లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడదీయరాదన్న నియమం చేరింది. ఆ ఆరింటిలో కన్నడ లేదు. తెలుగు, కన్నడ సంకేతాల అమరిక రెంటికీ మూలమైన భారతీయ ప్రమాణాన్ని బట్టి సమాంతరంగా ఉంటుంది: తెలుగు గకారం 3095 అయితే కన్నడ గకారం 3223, తేడా 128. పొల్లు, వత్తుల వ్యవస్థ కూడా రెండు లిపుల్లో చాలావరకు ఒక్కటే. అయినా హిందూపురం ప్రాంతపు పాఠశాల కోసం రెండు భాషల్లో ఒకే పాఠం తయారుచేస్తే, ఒకే స్క్రిప్టు 15.1 నియమాల కింద తెలుగు పేరును మూడుగా, అదే పేరు కన్నడ రూపాన్ని నాలుగుగా లెక్కిస్తుంది. పైగా బ్రౌజరు ఏ సంచికను అనుసరిస్తుందో దాన్నిబట్టి తెలుగు లెక్క కూడా మారుతుంది. ఒకే పాఠం ఒక ప్రయోగశాలలో సరిగా, మరొకచోట తప్పుగా కనిపించడానికి ఇది కారణం కాగలదు.

సవరించిన నియమం కూడా తెలుగు అక్షరభావనను పూర్తిగా అందుకోలేదు. ‘హిందూపూర్‌లో’ అన్న వాడుకరూపం ఇందుకు నిదర్శనం. రకారపు పొల్లుకు, లకారానికి మధ్య కంటికి కనిపించని విభాజక సంకేతం ఒకటి ఉంటుంది. అది లేకపోతే రెండూ కలిసి ‘ర్లో’ అవుతాయి. దానితో కలిపి మొత్తం సంకేతాలు 12. గ్రాఫీమ్ నియమం దీన్ని హిం, దూ, పూ, ర్, లో అని ఐదుగా విడదీస్తుంది. ఛందశ్శాస్త్రం ప్రకారం పొల్లు స్వతంత్రాక్షరం కాదు. తన ముందున్న అక్షరంలో చేరి దాన్ని గురువును చేస్తుంది. కాబట్టి అక్షరాలు నాలుగే. తెరమీద కర్సరు నడకకు రూపొందించిన ప్రమాణం ఛందస్సుకు ప్రమాణం కాజాలదు.

7. అక్షరపట్టిక – ఆటవెలది పరీక్ష:
ఈ పరిస్థితిలో స్క్రిప్టు తనకు కావలసిన అక్షరవిభజనను తానే చేసుకోవడం మేలు. అందుకు కావలసిన నియమాలు రెండే. ఒకటి: అచ్చు గాని హల్లు గాని కనిపించినచోట కొత్త అక్షరం మొదలవుతుంది, అయితే హల్లుకు ముందు వెంటనే పొల్లు ఉంటే అది పాత అక్షరంలోనే చేరుతుంది. రెండు: తరువాత హల్లు కలవని పొల్లు హల్లును ఒకే మాటలో తన ముందున్న అక్షరానికి చేర్చాలి. విభాజక సంకేతం, విరామచిహ్నాలు, అంకెలు, ఖాళీలు హద్దులుగా పనిచేస్తాయి. ప్రతి అక్షరం ఏ సంకేతస్థానంలో మొదలవుతుందో ఒక పట్టికలో దాచుకుని, ఫార్మాటింగ్ ఆదేశాలన్నిటినీ ఆ పట్టిక ద్వారానే నడపాలి. గోరంట్లకు ఆ పట్టిక 0, 2, 4. అప్పుడు ‘మూడో అక్షరం’ అంటే నాలుగో స్థానం నుంచి మాట చివరివరకు అని స్క్రిప్టుకు తెలుస్తుంది.

ఈ పట్టిక విలువ పద్యపాఠంలో మరింత స్పష్టమవుతుంది. గోరంట్లకు పొరుగున ఉన్న కదిరి ప్రాంతంలోని కటారుపల్లె వేమన సమాధిస్థలంగా ప్రసిద్ధం. 1829లో సి.పి. బ్రౌన్ అచ్చువేయించిన నాటి నుంచి నేటి పాఠ్యపుస్తకాల దాకా వేమన పద్యమంటే ఆటవెలదే గుర్తుకు వస్తుంది. ఆటవెలదిలో యతిస్థానాలకు రంగు వేయాలంటే ప్రతి పాదంలో మొదటి గణం తొలి అక్షరాన్ని, నాలుగో గణం తొలి అక్షరాన్ని పట్టుకోవాలి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ఏ పాదంలోనైనా నాలుగో గణానికి ముందున్నవి మూడు సూర్యగణాలు. సూర్యగణంలో రెండు గాని మూడు గాని అక్షరాలుంటాయి కాబట్టి యతిస్థానం ఏడో అక్షరం నుంచి పదో అక్షరం వరకు ఎక్కడైనా రావచ్చు. ఇది స్థిరసంఖ్యతో పట్టుబడేది కాదు. ముందు అక్షరవిభజన, తరువాత గురులఘునిర్ణయం, ఆపైన గణవిభజన జరగాలి. గురులఘునిర్ణయానికి స్క్రిప్టు తరువాతి అక్షరాన్ని కూడా చూడాలి: ‘ధర్మవరం’లో ధకారం గురువు కావడానికి కారణం దాని వెనుక వచ్చిన ‘ర్మ’. అక్షరవిభజన ఒక్కచోట తప్పితే గణాలన్నీ జరిగిపోతాయి. రంగు మరో అక్షరం మీద పడుతుంది. విద్యార్థి యతిభంగం లేనిచోట యతిభంగాన్ని చూస్తాడు. అప్పుడు నష్టపోయేది తెర అందం కాదు, పద్యం మీద విద్యార్థికి కలిగే అవగాహన.

ఇక్కడ తెలుగు లిపికి ఒక అనుకూలత కూడా ఉంది. అరబిక్ లిపిలో వలె ఒక అక్షరం పక్క అక్షరంతో అతుక్కుని రూపం మార్చుకోదు. హద్దు సరిగ్గా అక్షరాల మధ్య పడితే రంగు, ఫాంటు, పరిమాణం ఏది మార్చినా రూపం చెడదు. కాన్వాస్ వంటి నేటి మాధ్యమాల్లో ఒక గీతాదేశానికి ఒకే రంగు ఉంటుంది. అక్కడ కూడా అక్షరాలను విడివిడిగా గీసి వెడల్పులను కూడుకుంటూ పోతే తెలుగు పాఠ్యం చెక్కుచెదరదు.

8. రోమన్ ముద్రణ సంస్కారం:
లెక్కింపును సరిచేసిన తరువాత కూడా ఫార్మాటింగ్ భావనల్లో మరో అంతరం మిగులుతుంది. వాలు అక్షరాలు, పెద్దబడి–చిన్నబడి అక్షరాల మార్పిడి, అక్షరాల మధ్య ఎడం పెంచడం రోమన్ ముద్రణ నుంచి వచ్చిన ఉద్ఘాటనా పద్ధతులు. తెలుగులో పెద్దబడి, చిన్నబడి భేదమే లేదు. ఫాంటులో ముద్దక్షరం లేనప్పుడు సాఫ్ట్‌వేరు కృత్రిమంగా గీతను లావు చేస్తుంది. తెలుగు అక్షరాల్లోని చిన్న సున్నలు పూడుకుపోయి చదవడం కష్టమవుతుంది.

పంక్తి ఎత్తు విషయంలో ఇది మరింత స్పష్టం. తెలుగు పంక్తికి పైన గుడి, ఏత్వం, కింద వత్తు. ఇంగ్లీషు కొలతతో గీసిన క్షేత్రంలో ‘గోరంట్ల’ లవత్తు అడుగు తెగిపోతుంది. ఫ్లాష్ పాఠ్యక్షేత్రం అంచుల్లో ఒక్కోవైపు రెండు పిక్సెళ్ల ఖాళీ సహజంగానే ఉంటుంది. పాఠ్యపు ఎత్తును స్క్రిప్టుతో కొలిచి క్షేత్రాన్ని పెంచేటప్పుడు ఆ నాలుగు పిక్సెళ్లనూ కలపకపోతే తెగుదల మిగిలే ఉంటుంది. వత్తు తెగితే ‘గోరంట్ల’ ‘గోరంట’గా కనిపిస్తుంది. అది వేరే మాట, ఒక మొక్క పేరు.

9. ముగింపు:
డైరెక్టర్, ఫ్లాష్‌ల కాలం ముగిసింది కాబట్టి ఈ చర్చకు కూడా కాలం చెల్లిందనే అభిప్రాయం కలగవచ్చు. కానీ ఆరంభస్థానం, ముగింపుస్థానం ఇచ్చి పాఠ్యానికి రూపం కల్పించే పద్ధతి నేటి వెబ్ పాఠాల్లోనూ, పదానుక్రమణికల పరికరాల్లోనూ అలాగే కొనసాగుతున్నది. మారినవి పేర్లు, మారనిది ‘క్యారెక్టర్’ భావన. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. స్క్రిప్టు ద్వారా చేసే తెలుగు ఫార్మాటింగ్‌లోని దోషాలను ఫాంటుకు అంటగట్టే ముందు సంకేతం, ఫాంటు, ఆకృతీకరణ, పరిధి, ఆదేశాల వరుస అనే ఐదు మెట్లలో పరీక్షించాలి.
2. సాఫ్ట్‌వేరు చెప్పే పొడవు అక్షరసంఖ్య కాదు. దాని మీద ఆధారపడిన పరిశోధన ఫలితాలు పునఃపరిశీలన కోరతాయి.
3. ఫాంటు సంకేతనంలో ఉన్న పాఠాల్లో రూపం పోవడమంటే పాఠ్యం పోవడమే. వాటిని నడిచేలా చేయడం కన్నా యూనికోడ్‌లోకి మార్చడం ముఖ్యం.
4. గ్రాఫీమ్ నియమం కర్సరుకు సరిపోవచ్చు, ఛందస్సుకు సరిపోదు. పొల్లును పూర్వాక్షరంలో చేర్చే తెలుగు నియమం అదనంగా కావాలి.
5. వత్తుకు మాత్రమే రంగు వేయడం వంటి బోధనావసరాలకు యూనికోడ్ ఆధారిత వ్యవస్థల్లో ఇంకా సులభమార్గం లేదు.

అక్షరమంటే ఏమిటన్న ప్రశ్నకు తెలుగు లాక్షణికులు శతాబ్దాల కిందటే సమాధానం చెప్పారు. ఆ సమాధానాన్ని యంత్రానికి అర్థమయ్యే నియమాలుగా రాసి ఇవ్వడం సాఫ్ట్‌వేరు సంస్థల పని మాత్రమే కాదు. లక్షణశాస్త్రం చదివిన తెలుగు శాఖల పని కూడా. గోరంట్లలో అక్షరాలు మూడేనని యంత్రానికి నేర్పవలసినవారు వారే.